కారం దోశ బండి, రాత్రి పదిన్నర: ఒక్క ఫోటో మీద ప్రాజెక్టు డైరీ

ముందు ఫోటో సంగతి

మా మేనల్లుడు తీసిన ఫోటో ఇది. నెల్లూరులో మద్రాసు బస్టాండు దగ్గర ఒక సందులో కారం దోశల బండి ఉండాది, రాత్రి పదిన్నరప్పుడు తీసినాడు. కెమెరాతో పాటొచ్చిన కిట్ లెన్స్, జూమ్ 55 ఎంఎం దగ్గర పెట్టి ఎఫ్ 5.6 (లెన్స్ కన్నం ఎంత తెరిచినామో ఆ నంబరు, నంబరు చిన్నదైతే కన్నం పెద్దది), షట్టర్ 1/15 (సెకనులో పదిహేనో వంతు తెరిచి ఉంటది), ఐఎస్ఓ 3200 (పట్టిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపించాలో ఆ లెక్క), ఫ్లాష్ లేదు. వాడికి దీన్ని 12 బై 18 అంగుళాల ప్రింటు తీయించి గోడకి పెట్టుకోవాలని కోరిక, "మామా మొహమాటం లేకుండా చెప్పు" అన్నాడు. చెప్పినా. చెప్పినాక వాడు మొహం మాడ్చుకోని రెండు రోజులు కనపళ్ళేదు, మళ్ళీ వాడే వచ్చి "సరే మళ్ళీ తీద్దాం పా" అన్నాడు, అట్ట మొదలైంది ఈ పని.

వాడి మొదటి ప్రశ్న నాయిస్ గురించి, అంటే ఫోటో మీద ఇసక చల్లినట్టు పడే గ్రెయిన్. రాత్రి ఫోటో చూపించే వాళ్ళలో పది మందిలో తొమ్మిది మంది అదే అడుగుతారు, గ్రెయిన్ ఎక్కువొచ్చిందా, ఐఎస్ఓ తగ్గించాల్సిందా అని. దాన్ని పక్కన పెట్టరా అని చెప్పి, ఫోటోని ఫోన్లో బొటనవేలి గోరంత సైజు చేసి కళ్ళు చికిలించి చూడమన్నా. ఏం కనపడతా ఉండాది అంటే "ఏటీఎం బోర్డు" అన్నాడు. అదీ అసలు జబ్బు. దోశ బండి ఫోటోలో ముందు కంటికి తగిలేది ఏటీఎం బోర్డు, తర్వాత దాని పక్కన ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, దానికి రెండు ఫోకస్ లైట్లు కట్టి పెట్టినారు, ఆ తర్వాతెప్పుడో పెనం, అన్నిటికన్నా ఆఖర్న దోశ పోసే అన్న మొహం. పగలైతే వెలుతురు అంతా ఒకటే రకంగా పరుచుకోని ఉంటది కాబట్టి కన్ను రంగు చూసో మనిషిని చూసో ఆగుతది, రాత్రి ఆ బేరం లేదు, ఎక్కడ ఎక్కువ వెలుగుంటే కన్ను ముందు ఆడికే పోతది. కాబట్టి రాత్రి తీసిన వీధి ఫోటోని చూడాలంటే ముందు అడగాల్సింది ఒకటే, ఇందులో ఉన్న కాస్త వెలుతురూ ఎవరి మీద ఖర్చయింది అని. ఈ ఫోటోలో బ్యాంకు వాళ్ళ మీద ఖర్చయింది.

మంచి సంగతులు లేవా అంటే ఉండాయి. అట్లకాడ పట్టుకున్న చెయ్యి గీత లాగా సాగిపోయింది, అది బాగుంది. ముందు వైపు ప్లేటు పట్టుకోని నిలబడ్డాయన వీపు నల్లగా అడ్డం వచ్చి ఫోటోకి లోతు ఇచ్చింది, వాడు దాన్ని పొరపాటుగా పడిందనుకుంటా ఉండాడు, నేను ఉంచమన్నా.

బ్లర్ ఎవరి వల్ల

"షేక్ అయింది మామా, చెయ్యి వణికింది" అని వాడే తీర్పు చెప్పుకున్నాడు. కాదు. ఫోటోలో కదలని వస్తువుని చూడాలి ముందు. బండికి కట్టిన రేట్ల బోర్డు మీద అక్షరాలు, గ్యాస్ సిలిండర్ అంచు, ఇవి రెండూ శుభ్రంగా ఉండాయి. చెయ్యి వణికుంటే ఆ అక్షరాలు కూడా ఒకే వైపుకి రెండు రెండుగా సాగాలి. అక్షరాలు సాఫుగా ఉండి మనిషి మాత్రం చెదిరినాడంటే మనిషి కదిలినాడని. ఇంక మూడోది ఫోకస్ తప్పడం, అప్పుడు ముందో వెనకో ఇంకేదో ఒకటి పదునుగా కనపడతది, చెదిరిన వాటికి గీతలుండవు, మెత్తగా ఉబ్బినట్టుంటాయి. ఈ మూడూ చూసేదానికి ఒకటే లాగా అనిపిస్తాయి గానీ మందు ఒక్కోదానికి ఒక్కోటి, అందుకే ఏదో తెలుసుకోకుండా ట్రైపాడ్ కొనేస్తే డబ్బు దండగ.

లెన్సులో స్టెబిలైజేషన్ ఉండబట్టి 1/15 దగ్గర కూడా బోర్డు నిలబడింది. ఆ స్టెబిలైజేషన్ మన చేతిని ఆపుతది, దోశ అన్నని ఆపదు కదా. ఆయన మొహం నిలబడాలంటే 1/60 అయినా కావాల, 1/100 అయితే నిశ్చింత. చేతి గీత కొంచెం తగ్గుద్ది, తగ్గినా పర్లేదు.

మరి వెలుతురు యాడినుంచి తెచ్చేది అంటే లెన్స్. స్టూడియో పెట్టుకున్న స్నేహితుడి దగ్గర 35 ఎంఎం ఎఫ్ 1.8 అడిగి తెచ్చినా. 5.6 నుంచి 1.8 కి వస్తే లోపలికొచ్చే వెలుతురు దగ్గర దగ్గర 10 రెట్లు, అంటే అదే ఐఎస్ఓ 3200 మీద 1/15 బదులు 1/125 కొట్టుకోవచ్చు. వాడు లెక్క వేసుకోని చూసి "ఇంత తేడానా" అన్నాడు. అంతే తేడా. నంబర్లు చూస్తే 5 కి 2 కి మధ్య ఏముందిలే అనిపిస్తది గానీ అది వర్గాల లెక్క, 5.6 ని 1.8 తో భాగించి వచ్చినదాన్ని దానితోనే హెచ్చించాల.

ఇంట్లో, కంప్యూటర్ ముందు

పాత ఫోటో రా ఫైలు (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) ఉండాది, అదొక్కటి బతికించింది. వాడు నాకు పంపిన జేపెగ్ చూస్తే రాత్రి పదిన్నర లాగా లేదు, సాయంత్రం ఆరున్నర లాగుంది. అది కెమెరా చేసే పని. కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్‌కి ఏం చూపించినా దాన్ని సగటు బూడిద రంగు కిందకి తేవాలని చూస్తది, ముందర అంతా చీకటి కనపడేసరికి అయ్యో అని చెప్పి లేపేసింది. రాత్రి వీధుల్లో నేనైతే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ చెప్పినదానికన్నా ఎంత ఎక్కువ తక్కువ వెలుతురు పట్టాలో చెప్పే మీట) మైనస్ 1 దగ్గర పెట్టేసి మర్చిపోతా, ఫ్రేములో పెద్ద బల్బు పడితే మాత్రం మీటర్ ఉల్టా మోసం చేస్తది, అప్పుడు మాన్యువలే గతి.

బల్బు తెల్లగా కాలిపోయింది, దాన్ని సరిచేయాలా అని అడిగినాడు. బల్బు కాలిపోతే ఏం కాదు, బల్బు వైపు మనం మామూలుగా చూసినా అంతే కదా. స్టీలు డబ్బా మూత మీద, అన్న నుదుటి మీద కూడా తెల్ల మచ్చలు పడినాయి, అవి తప్పు. రా ఫైల్లో హైలైట్స్, అంటే బాగా తెల్లబడిన చోట్లు, దించితే నుదురు వెనక్కి వచ్చింది, డబ్బా రాలేదు. పోతే పోయింది.

రంగు దగ్గర చానాసేపు కొట్టుకున్నాం ఇద్దరం. సందు చివర నారింజ వెలుగిచ్చే పాత సోడియం దీపం ఒక్కటి మిగిలి ఉండాది, మిగతావన్నీ ఎల్ఈడీలే. ఆ సోడియం దీపం రంగు 2000 కెల్విన్ (వెలుతురు రంగుకి కొలత) చుట్టుపక్కల ఉంటది, దాంట్లో నీలం దాదాపు ఉండదు, అందుకే దాని కింద నీలం చొక్కా వేసుకున్నోడు నల్ల చొక్కా వేసుకున్నట్టు పడతాడు, ఎడిటింగ్‌లో ఎంత లాగినా రాదు, లేని వెలుతురుని స్లైడర్ ఎట్ట తెస్తది. బండి మీద బల్బేమో తెల్ల ఎల్ఈడీ. ఆటో వైట్ బ్యాలెన్స్, అంటే ఏది తెలుపో కెమెరానే తేల్చుకునే పద్ధతి, ఈ రెండిటి మధ్యలో నిలబడి ఎవరికీ న్యాయం చెయ్యలేదు, మొహం పాలిపోయింది, వీధి మట్టి రంగైంది. మేనల్లుడు సందు నారింజ రంగు మొత్తం తీసేద్దామంటాడు. నేను ఒప్పుకోలా. బల్బు కింద ఉన్న తెల్ల ప్లేటుని తెలుపుగా పెట్టుకోని బ్యాలెన్స్ చేస్తే మొహం మొహం రంగుకొచ్చింది, వెనకాల సందు నారింజగా ఉండిపోయింది, అట్టే ఉండాల, ఆ సందు నిజంగా అట్టే ఉంటది.

చీకటి భాగాల్లో రంగు గాఢత కొంచెం తగ్గించినాం. దీనికి కారణం కన్ను. వెలుతురు బాగా తగ్గినాక కంట్లో రంగు చూసే కణాలు దాదాపు పడుకుంటాయి, చీకట్లో పనిచేసే కణాలకి రంగు తెలీదు. పగలు మన కంటికి బాగా ఆనేది 555 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ, చీకట్లో అది 507 దగ్గరికి, అంటే నీలం వైపుకి జరుగుద్ది. నీడల్లో ఎర్ర బకెట్టు పండగ బకెట్టు లాగా మెరుస్తా ఉంటే ఫోటో అబద్ధం చెప్తా ఉన్నట్టు అనిపించేది ఇందుకే. సినిమావోళ్ళు రాత్రిని నీలంలో ముంచేది కూడా దీన్ని పట్టుకునే అనుకుంటా, మనకంత అవసరం లేదు.

ఇంక నాయిస్. వాడు అప్పటికే ఒక డీనాయిస్ సాఫ్ట్‌వేర్‌లో వేసి తెచ్చినాడు, అన్న గడ్డం మైనం బొమ్మ గడ్డం లాగా అయింది, పెనం మీద పిండిలో చిల్లులు మొత్తం పూడిపోయినాయి. దోశలో చిల్లులు లేకపోతే ఇంకేం దోశ అది. ఐఎస్ఓ పెంచితే నాయిస్ పుడతదని అందరూ అంటారు గానీ ఎక్కువ భాగం పుట్టేది వెలుతురు తక్కువ పట్టబట్టి. కెమెరా లోపల వెలుతురు పట్టే సెన్సార్ మీద పడే కాంతి కణాలు చినుకుల్లాగా లెక్కాపత్రం లేకుండా పడతాయి, నాలుగు రెట్లు ఎక్కువ పట్టుకుంటే శుభ్రత రెండు రెట్లవుద్ది. ఐఎస్ఓ తగ్గించి చీకటిగా తీసి తర్వాత ఇంట్లో లేపితే అదే నాయిస్, ఒక్కో కెమెరాలో ఇంకా ఎక్కువ. అందుకని చీకటి భాగాల్ని లేపకుండా చీకటిగానే వదిలేస్తే సగం నాయిస్ అసలు కంటికే రాదు. డీనాయిస్ తీసేసి, రంగు నాయిస్ మాత్రం కొంచెం తగ్గించి వదిలేసినాం.

ఇంత చేసినా ఏటీఎం బోర్డు ఏటీఎం బోర్డే. దాన్ని డార్క్ చేస్తే బూడిద రంగు అట్టముక్క లాగా తయారైంది. మళ్ళీ పోవాల్సిందే.

బండి దగ్గర, కెమెరా తీయకముందు

పోయిన రాత్రి మొదటి అరగంట కెమెరా బయటికి తీయనియ్యలా వాణ్ణి. ముందు దోశలు తిన్నాం. నెల్లూరోళ్ళకి కారం దోశ గురించి చెప్పేదేముంది, వేరే ఊరోళ్ళయితే ఒకసారి వచ్చి తినండి, ఎర్ర కారం పెనం మీదే దోశంతా పూస్తారు, కాగే నూనెలో ఆ కారం ఘాటు సందు మొత్తం దగ్గిస్తది. తింటానే చూసినాం, బల్బు ఎక్కడ వేలాడతా ఉండాది, అన్న ఎప్పుడు ఏం చేస్తాడు అని.

అన్నని అడిగినాం ఫోటో తీసుకుంటామని. "తీసుకోండి సారూ, బండి మాత్రం నీటుగా పడాల, ఆ చెత్త బుట్ట పడనీబాకండి" అన్నాడు. తినేవాళ్ళ మొహాలు ఫోటోలో పడకుండా చూస్తామని మేమే చెప్పినాం, రాత్రి పదిన్నరకి బయట దోశ తింటా ఉన్నట్టు ఇంట్లో తెలియకూడదనే వాళ్ళు కూడా ఉంటారు.

బల్బు బండి ముందు వైపు, కస్టమర్లు నిలబడే వైపు వేలాడతా ఉంది. ముందు నుంచి తీస్తే ఆ వెలుతురు అన్న మీద తిన్నగా పడి మొహం చదునుగా వస్తది, ఆవిరి అయితే అసలు కనపడదు. ఆవిరికీ పొగకీ వెలుతురు వెనక నుంచి రావాల, వాటి వెనకాల చీకటుండాల, అప్పుడే తెల్లగా లేస్తా కనపడతాయి. బండి వెనక పక్క మూలకి, సిలిండర్ వైపు జరిగితే బల్బు పెనానికి అవతల పడింది, దాని వెనకాల మూసేసిన బట్టల కొట్టు షట్టరు, కటిక చీకటి. ఏటీఎం, ఫ్లెక్సీ రెండూ ఫ్రేములోంచి పోయినాయి. అన్న మొహానికి ఒక చెంప వెలుగు, ఒక చెంప నీడ. బల్బు గుండు మాత్రం అన్న భుజం చాటుకొచ్చేలాగా వాణ్ణి కొంచెం వంగమన్నా. నాలుగడుగులు జరగడం వల్ల అయిన పని ఇది, లెన్స్ మార్చినందుకు కాదు, వాడికి అది కొంచెం బాధగా ఉండాది ఎందుకంటే లెన్స్ కొనాలని అప్పటికే వాళ్ళమ్మ దగ్గర బేరం పెట్టినాడు.

ఇంకొకటి గమనించినాం. ఒక వాయి దోశలు తీసినాక అన్న పెనం మీద నీళ్ళు చిలకరించి ఈనెల చీపురుతో ఊడుస్తాడు, చుయ్యిమని ఒక్క దెబ్బకి ఆవిరి లేస్తది. ఆ తర్వాత పిండి పోసి గుండ్రంగా తిప్పేటప్పుడు చెయ్యి మాత్రం తిరుగుద్ది, తల నిలబడి ఉంటది, కళ్ళు పెనం మీదే. దోశ తిప్పేసేటప్పుడు ఒళ్ళంతా కదులుతది. కాబట్టి తీయాల్సింది నీళ్ళు చల్లినాక, ఆవిరి ఇంకా పోకముందు, మొదటి పిండి గరిటె పడేటప్పుడు. ప్రతి వాయికీ ఇదే వరస, కాసుకోని కూర్చుంటే చాలు.

బండి దగ్గర, తీసేటప్పుడు

35 ఎంఎం కాబట్టి దగ్గరికి పోవాల, రెండు మీటర్ల దూరంలో నిలబడినాడు. ఎఫ్ 1.8 మీద అంత దగ్గర్లో పదునుగా ఉండేది జానెడు లోతు మాత్రమే, మొహం పెడితే చెయ్యి పోతా ఉంది, చెయ్యి పెడితే మొహం పోతా ఉంది. ఒక అడుగు వెనక్కి వచ్చి ఎఫ్ 2.8 కి మూస్తే మూర పైన వచ్చింది, మొహం, గరిటె పట్టిన చెయ్యి రెండూ అందులో పట్టినాయి. అప్పటికి లెక్క ఎఫ్ 2.8, 1/100, ఐఎస్ఓ 3200. పాతదానితో పోలిస్తే ముప్పావు స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుతురు సగమవడం) చీకటి, కావాలనే.

ఆటో ఫోకస్ ఆవిరి లేచినప్పుడల్లా ముందుకీ వెనక్కీ ఊగులాడతా ఉంది, దానికి పట్టుకునేదానికి అంచు దొరకదు ఆవిర్లో. ఆవిరి లేవకముందే అన్న మీసం మీద ఫోకస్ చేసి లాక్ చేసి పెట్టుకోమన్నా. మీసం మంచి ఆధారం, నల్లగా ఉంటది, అంచులుంటాయి.

మధ్యలో వాడు శబ్దం రాకూడదని సైలెంట్ షట్టర్‌లో పెట్టి 1/250 లో కొన్ని తీసినాడు, పక్క కొట్టు గోడ మీద అడ్డంగా చారలు పడినాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దాని మీద నడిచే చవక ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు మిణుకుతాయి, మన కంటికి ఆనదు. సైలెంట్ షట్టర్ ఫోటోని పై నుంచి కిందికి వరస వరసగా చదువుతది, ఒక వరస చదివేటప్పుడు లైటు వెలిగుంటది, ఇంకో వరసకి తగ్గుంటది, అదీ ఆ చారల కథ. టక్కుమని శబ్దం చేసే మెకానికల్ షట్టర్, 1/100 లేకపోతే 1/50, ఈ రెండు వేళ్ళ మీద గుర్తుపెట్టుకుంటే మన దేశంలో చాలావరకు గండం గట్టెక్కినట్టే. ఈ చారలు ఎడిటింగ్‌లో పోవు, పోగొట్టాలని చూస్తే పిచ్చెక్కుతది.

వాన పడిన రాత్రి

మనకి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలకే కదా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మిగతా ఊర్లన్నీ ఆరిపోయినాక మనకి మొదలవుద్ది. చినుకులు పడి తెరిపిచ్చిన రాత్రి వాడు ఫోన్ చేసి "అన్న బండి పెట్టినాడు రా మామా" అన్నాడు, గొడుగు పట్టుకోని పోయినా.

తడి రోడ్డుతో మంచీ చెడూ రెండూ ఉండాయి. మంచి ఏందంటే రోడ్డు కూడా ఒక లైటు అవుద్ది, కింద నుంచి కాస్త వెలుతురు లేస్తది, ఆ సోడియం దీపం నీళ్ళలో పొడుగ్గా సాగి సందు చివరి దాకా చూపు తీసుకుపోతా ఉంది. 1930ల్లో పారిస్ రాత్రుల్ని తీసిన బ్రసాయ్ ఫోటోల్లో తడి రాళ్ళ రోడ్లూ పొగమంచూ ఊరికే కనపడవు. ఆయన సిగరెట్టు కాలే టైముని బట్టి ఎక్స్‌పోజర్ కొలుచుకునేవాడంట, చీకటి ఎక్కువైతే ఎక్కువసేపు కాలే బ్రాండు సిగరెట్టు. మా వాడికిది చెప్పకుండా ఉండాల్సింది, సిగరెట్టు విషయంలో వాడికి సాకులు అక్కర్లేదు.

చెడు ఏందంటే నీలం పట్టా. వానకని బండి మీద నీలం పట్టా కిందికి దించి కట్టినాడు అన్న, బల్బు వెలుతురు దానికి తగిలి కింద పడేసరికి అంతా నీలం, మొహం మూడు రోజుల నుంచి జ్వరం పడినట్టుంది. ప్లేటుని తెల్లగా పెట్టి బ్యాలెన్స్ చేస్తే సందు మరీ ఎర్రబారిపోయింది. "బ్లాక్ అండ్ వైట్ చేసేద్దాం" అన్నాడు. రంగు కుదరని ప్రతి రాత్రి ఫోటోనీ బ్లాక్ అండ్ వైట్‌లోకి తోసెయ్యడం నాకు నచ్చదు, అందులోనూ ఇది కారం దోశ, ఆ ఎరుపు పోతే పెనం మీద ఉండేది ఏందో ఎవరికి తెలుస్తది. చివరికి అన్ననే అడిగితే పట్టా ఒక పక్క పైకి మడిచి కట్టినాడు, మా వైపు. నీలం సగం పోయింది. అన్న తడుస్తాడేమో అనుకున్నాం, "ఆగిపోయిందిలే వాన, మీరు తీసుకోండి అబ్బయా" అన్నాడు.

ఆ రాత్రి తీసిన వాటిల్లోనే ఉండాది మాకు కావాల్సిన ఫోటో. ఆవిరి బల్బు మీంచి లేచి కొట్టు షట్టరు చీకట్లోకి పోతా ఉంది, గరిటె చెయ్యి అంచుల్లో కొంచెం చెదిరింది, ఒక చెంపా మీసమూ పదునుగా ఉన్నాయి, వెనకాల సోడియం దీపం తడి రోడ్డు మీద. వెనక సైకిలు మీద ఒకాయన పోతా ఉండాడు, నల్లటి ఆకారం, మొహం లేదు.

ప్రింటు

మొదటి ప్రింటు చూసి ఇద్దరం దిగాలు పడినాం. ల్యాబువాళ్ళ మిషను ఆటో కరెక్షన్ వేసి చీకటి మొత్తం లేపేసింది, షట్టరు మీద తుప్పు కూడా లెక్కపెట్టుకోవచ్చు. ఎన్ని తిప్పలు పడి చీకటిని చీకటిగా ఉంచినామో దాన్ని మిషను ఒక్క నిమిషంలో తెల్లారగట్ల చేసింది. రెండోసారి "కరెక్షన్ వద్దు" అని కాగితం మీద రాసి ఇచ్చి, మనిషికి కూడా చెప్పి, పెద్దది తీయకముందు చిన్న ముక్క ఒకటి తీయించుకున్నాం. ఈసారి మరీ నల్లగా వచ్చింది, అది ల్యాబు వల్ల కాదు, మా వాడి మానిటర్ బ్రైట్‌నెస్ ఫుల్లుగా ఉంది, స్క్రీన్ తనే వెలుగుద్ది, కాగితం గదిలో లైటు మీద బతుకుద్ది. బ్రైట్‌నెస్ సగానికి దించి, తెల్ల కాగితం పక్కన పెట్టుకోని ఎడిట్ చేస్తే సరిపోయింది. పేపరు గ్లాసీ తీసుకున్నాం, మ్యాట్ మీద నలుపు బూడిదగా తేలిపోతది, పగటి ఫోటో అయితే మ్యాటే నాకిష్టం.

24 మెగాపిక్సెల్ ఫైలు 6000 బై 4000 చుక్కలు ఉంటది, 12 బై 18 కి 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 5400 బై 3600 చాలు. ఇంక నాయిస్ సంగతా, స్క్రీన్ మీద 100 శాతం పెంచి చూసి భయపడిన గ్రెయిన్ ప్రింటులో చెయ్యి చాపినంత దూరం నుంచి కనపడలేదు. ముక్కు ఆనించి చూస్తే ఉండాది. గోడ మీద ఫోటోకి ముక్కు ఆనించేది ఫోటోగ్రాఫర్లే.

ఇంకా మిగిలినవి

కింద ఎడమ మూల స్టీలు బకెట్టు అంచు మెరుస్తా ఉంది, దాన్ని కొంచెం దించాల. అన్నకి ఇవ్వాల్సిన కాపీ చిన్న సైజులో వేరే తీయించాల, ఆయన పట్టా మీద పడ్డ బండి పేరు కూడా కనపడాలన్నాడు, అందుకని ఇంకొంచెం వెడల్పు ఫ్రేము ఒకటి చూసి పెట్టినాం.

సైకిలాయన దగ్గర మాత్రం కుదర్లేదు. ఆయన్ని తీసేసి క్రాప్ చేస్తే బండి మీదే చూపు ఉంటదని మేనల్లుడు అంటాడు, సైకిలు పోతే ఆ సోడియం దీపం వెలుగు ఊరికే మరక లాగా మిగుల్తదని నేనంటా. ఇద్దరం రెండు రోజులు వాదించుకోని, రెండు రకాలూ ప్రింటుకి ఇచ్చినాం, శనివారం వస్తాయి.